ఎక్స్‌రే పల్సార్ విజృంభణ మొదలైందని ఏ గుర్తు చూసి నమ్మాల? బ్యాట్, మ్యాక్సీ, జీబీఎం డేటా గురించి

అనంతపురం_ఫిజిక్స్:

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు ఎ 0535+26 అనే ఎక్స్‌రే పల్సార్ (తిరుగుతూ ఎక్స్‌రేలను లయగా కొట్టే తార) తీసుకున్నాను. బీ-ఈ రకం నక్షత్రానికి తోడుగా ఉన్న న్యూట్రాన్ తార ఇది. తన చుట్టూ తాను 103.5 సెకన్లకోసారి, తోడు నక్షత్రం చుట్టూ దాదాపు 111 రోజులకోసారి తిరుగుతుంది. స్విఫ్ట్ ఉపగ్రహంలోని బ్యాట్ పరికరం ఇచ్చే రోజువారీ ఫైలు దించుకొని గ్రాఫ్ గీశాను. 2020 నవంబరులో వచ్చిన పెద్ద విజృంభణ (ఎక్స్‌రే వెలుగు బాగా పెరిగిపోవడం) కొండలాగా కనబడుతోంది, దాంట్లో అనుమానం లేదు. ఇబ్బందంతా చిన్నవాటితోనే. ఏమీ లేదనుకున్న నెలల్లో కూడా ఒక్కో చుక్క ఉన్నట్టుండి పైకి లేస్తోంది. ఒక వరుస ఇట్ల ఉంది: రేట్ 0.013, ఎర్రర్ 0.005, డేటా ఫ్లాగ్ 0 (డేటా బాగుందని గుర్తు), ఎక్స్‌పోజర్ 700 సెకన్లు. దీన్ని విజృంభణకు మొదలు అనుకోవాల్నా, వదిలేయాల్నా?

ఇంకొకటి. బ్యాట్, అంతరిక్ష కేంద్రం మీది మ్యాక్సీ, ఫెర్మీ ఉపగ్రహంలోని జీబీఎం మూడూ ఒకే మాట చెప్పకపోతే దేన్ని నమ్మాల? మన ఇస్రో ఉపగ్రహం ఆస్ట్రోశాట్ డేటాతో భ్రమణ కాలం నేనే తీయాలంటే ఎట్ల మొదలుపెట్టాల? నా దగ్గర ఉన్నది 8 జీబీ ల్యాప్‌టాప్, ఉబుంటు.

తుంగభద్ర_గట్టు (కర్నూలు):

ఆ వరుసను వదిలేయండి. 0.013ను 0.005తో భాగిస్తే 2.6 సిగ్మా, అంటే చుక్క ఎత్తు దాని ఎర్రర్‌కు 2.6 రెట్లే. వెలుగును క్రాబ్ నెబ్యులాతో పోల్చి కొలుస్తారు. బ్యాట్ కొలతలో ఒక క్రాబ్ అంటే చదరపు సెంటీమీటరుకు సెకనుకు 0.220 కౌంట్లు, కాబట్టి మీ చుక్క 59 మిల్లీక్రాబ్. అంకె పెద్దగానే ఉంది. కానీ అది 700 సెకన్ల చూపులో వచ్చిన అంకె. రోజు నిండా చూడగలిగితే బ్యాట్ 5.3 మిల్లీక్రాబ్ దాకా పట్టగలదు. అందుకే చుక్క ఎంత ఎత్తుందో చూసేముందు, ఆ రోజు ఎంతసేపు చూసిందో చూడాలి.

ఉత్త యాదృచ్ఛికత వల్లనే 2 సిగ్మా దాటే చుక్కలు ఏడాదికి ఎనిమిది వరకు వస్తాయి. 3 సిగ్మా దాటేది రెండేళ్లకు ఒకటి. ఇది ఒక్క మూలానికి లెక్క. బ్యాట్ పట్టికలో తొమ్మిది వందలకు పైగా మూలాలు ఉన్నాయి. అన్నిటినీ కలిపి చూస్తే 3 సిగ్మా చుక్క రోజుకొకటి ఎక్కడో ఒకచోట ఊరికే లేస్తుంది. పైగా ఇదంతా పొరపాట్లు గంట ఆకారంలో చక్కగా పరుచుకున్నాయని అనుకుంటేనే. బ్యాట్‌లో అట్లా ఉండదు, తోకలు లావుగా ఉంటాయి.

అట్లా ఎందుకుంటుందో తెలియాలంటే పరికరం ఎట్లా పనిచేస్తుందో తెలియాలి. ఈ శక్తి గల ఎక్స్‌రేలను అద్దంతో ఒకచోటికి చేర్చి అంత పెద్ద ఆకాశాన్ని చూడటం కుదరదు. అందుకని 32,768 చిన్న డిటెక్టర్లు పరిచి, వాటికి ఒక మీటరు పైన సుమారు 52,000 సీసం పలకలను అడ్డదిడ్డంగా అమర్చారు. ఒక్కో పలక 5 మిల్లీమీటర్ల చదరం, 1 మిల్లీమీటరు మందం. జాలీ కిటికీ గుండా ఎండ పడితే గచ్చు మీద నీడల ముగ్గు ఏర్పడుతుంది కదా. సూర్యుడు కదిలితే ముగ్గు జరుగుతుంది. ఆ ముగ్గు ఎంత జరిగిందో చూసి సూర్యుడు ఎక్కడున్నాడో చెప్పవచ్చు. బ్యాట్ చేసే పని అదే. కాకపోతే గదిలో ఒకేసారి నలభై దీపాల నీడలు ఒకదానిమీద ఒకటి పడుతుంటాయి. పక్కన ప్రకాశవంతమైన మూలం ఉంటే దాని నీడను పూర్తిగా తీసేయడం కుదరదు, మిగిలిపోయిన పిసరు మీ మూలం లెక్కలో కలుస్తుంది. మీ పల్సార్‌కు నాలుగున్నర డిగ్రీల దూరంలోనే క్రాబ్ నెబ్యులా ఉంది. ఆకాశంలో ఎప్పుడూ వెలిగే అతి ప్రకాశవంతమైన మూలాల్లో అదొకటి. ఇంటిపక్కనే పెట్రోమాక్స్ లైటు ఉన్నట్టు.

ముందు ఒక పరీక్ష చేయండి. మీ ఫైలులో పైకి 2 సిగ్మా దాటిన చుక్కలు ఎన్ని, సున్నాకు కిందికి 2 సిగ్మా దాటినవి ఎన్ని, విడివిడిగా లెక్కపెట్టండి. నేపథ్యం తీసేసిన లెక్క కాబట్టి మైనస్ విలువలు సహజంగా వస్తాయి, వాటిని పారేయకండి. మైనస్ కాంతి అంటూ ఏదీ లేదు గనక కిందివన్నీ ఖాయంగా రొదే. పైవి, కిందివి దాదాపు సమానంగా ఉంటే పైవి కూడా రొదే. విజృంభణ లేని రెండేళ్ల ముక్క మీద చేయండి.

తర్వాత డేటా ఫ్లాగ్ 0 కానివి తీసేయండి. ఎక్స్‌పోజర్ 1,000 సెకన్ల లోపు ఉన్న వరుసలను నేనైతే విడిగా పెడతాను, పారేయను. నాలుగేసి రోజులు కలిపి సగటు కట్టండి, కానీ మామూలు సగటు కాదు. ప్రతి రోజుకూ ఎర్రర్ వర్గానికి విలోమంగా బరువు ఇవ్వాలి. 0.002 ఎర్రర్ ఉన్న నాలుగు రోజులు కలిస్తే సగటు ఎర్రర్ 0.001కి దిగుతుంది. మామూలు సగటు కడితే 0.005 ఎర్రర్ ఉన్న ఒక్క చెడ్డ రోజు మిగతా మూడింటిని పాడుచేస్తుంది. ఈ సగటు 6 సిగ్మా దాటి, అందులో వరుసగా మూడు రోజులు ఒక్కోటీ 3 సిగ్మా పైన ఉంటే అప్పుడు మిగతా పరికరాల వైపు చూడండి. ఇంత కఠినంగా గీత పెడితే ఒకటి రెండు రోజులు ఆలస్యమవుతుంది. మామూలు విజృంభణే వారాలపాటు సాగుతుంది కాబట్టి ఆ ఆలస్యం వల్ల నష్టమేమీ లేదు.

మ్యాక్సీ సంగతి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని జపాన్ కిబో మాడ్యూల్‌కు 2009లో బిగించారు. కేంద్రం దాదాపు 92 నిమిషాలకు భూమిని చుట్టినప్పుడల్లా ఆకాశాన్ని ఒక సన్నని పట్టీతో తుడుచుకుంటూ పోతుంది. దాని గ్రాఫు 2 నుంచి 20 కిలో ఎలక్ట్రాన్‌వోల్టులది (ఇది ఎక్స్‌రే శక్తికి కొలత), బ్యాట్‌ది 15 నుంచి 50. మీ పల్సార్ వంటివి కఠిన (ఎక్కువ శక్తి గల) ఎక్స్‌రేలు ఎక్కువ ఇస్తాయి గనక చిన్న విజృంభణ బ్యాట్‌లోనే ముందు తేలడం మామూలు. మ్యాక్సీలో మాత్రమే లేచి బ్యాట్‌లో చలనం లేకపోతే అనుమానించండి. కేంద్రం కక్ష్య తిరుగుడు వల్ల మ్యాక్సీ లెక్కల్లో సుమారు 70 రోజులకోసారి బూటకపు ఎత్తుపల్లాలు వస్తుంటాయి.

అనంతపురం_ఫిజిక్స్:

చాలా థ్యాంక్స్ సార్. మీరు చెప్పినట్టే లెక్కపెట్టినాను. రెండేళ్ల ముక్కలో పైకి 21, కిందికి 18. ఇన్నాళ్లూ మైనస్ వరుసలను తీసేసి గ్రాఫ్ గీస్తున్నాను, అందుకే అన్నీ లేచినట్టే కనబడినాయి.

మరి 111 రోజులకోసారి తోడు నక్షత్రానికి దగ్గరైనప్పుడు విజృంభణ వస్తుంది కదా. ఆ తేదీలు ముందే లెక్కగట్టి, ఆ రోజుల్లో లేచిన చుక్కలను కొంచెం తక్కువ సిగ్మాకే ఒప్పుకోవచ్చునా?

గండికోట_వాసి (కడప):

ఒప్పుకోవచ్చు తమ్ముడూ, కానీ ఆ తేదీ నీకు ఎంత కచ్చితంగా తెలుసో ముందు చూసుకోవాల. ఈ పల్సార్ కక్ష్యా కాలాన్ని కొన్ని పేపర్లు 110.3 రోజులు అంటాయి, కొన్ని 111.1 అంటాయి. తేడా 0.8 రోజే. ముప్పై చుట్లు పోయినాక, అంటే తొమ్మిదేళ్లకు, అది 24 రోజులైతుంది. పాత పేపర్లోని మొదలు తేదీ తీసుకొని ఈనాటిదాకా కూడుకుంటూ వస్తే నెల కావాల్సింది ఇంకో నెలలో పడుతుంది. దగ్గర్లో వచ్చిన విజృంభణ నుంచి లెక్క మొదలుపెట్టు.

ఇంకా ఒక మాట. దగ్గరైన ప్రతిసారీ విజృంభణ రావాలని లేదు. బీ-ఈ నక్షత్రం జోరుగా తిరుగుతూ తన నడుము చుట్టూ వాయువును చక్రంలా విసురుతుంది. ఆ చక్రం పెరిగినప్పుడే న్యూట్రాన్ తారకు మేత దొరుకుతుంది. చక్రం కుదించుకపోతే ఏళ్లకేళ్లు ఏమీ ఉండదు. అదే చక్రం బాగా పెరిగినప్పుడు వచ్చే పెద్ద విజృంభణకు కక్ష్యతో పనే లేదు, ఎప్పుడైనా రావచ్చు, చాలా వారాలు ఉంటుంది. 2020లో ఇదే పల్సార్ బ్యాట్‌లో 12 క్రాబ్‌లు దాటింది. కాబట్టి తేదీ కలవలేదని వదిలేయకూడదు, తేదీ కలిసిందని నమ్మనూ కూడదు.

నమ్మాల్సింది పల్సును. కౌంట్లు పెరగడానికి కారణాలు వంద ఉంటాయి. పక్క మూలం, సూర్యుడి మంటలు, దక్షిణ అట్లాంటిక్ మీద పోయేటప్పుడు తగిలే ఆవేశ కణాలు. ఇవేవీ 103.5 సెకన్లకోసారి కొట్టుకోవు. ఆ తాళం దొరికిందంటే అది నీ పల్సారే.

ఇక్కడ ఫెర్మీ జీబీఎం ఉపయోగం. 2008 జూన్‌లో పంపించినారు. 12 సోడియం అయోడైడ్ డిటెక్టర్లు ఉన్నాయి, బొమ్మ తీసే శక్తి లేదు, అన్ని దిక్కుల నుంచి వచ్చే రొదలో మునిగి ఉంటుంది. కానీ భూమి మరుగు తప్ప ఆకాశమంతా ఎప్పుడూ చూస్తూనే ఉంటుంది. రోజుల తరబడి లెక్కను ఒక్కో పల్సార్ కాలానికి మడిచి, అంటే ఆ కాలం పొడవు ముక్కలుగా కోసి ఒకదానిమీద ఒకటి పేర్చి చూస్తే రొద సమానంగా పరుచుకుంటుంది, పల్సు మాత్రం ఒకే చోట పేరుకుంటుంది. ఆ బృందం కనబడిన ప్రతి పల్సార్‌కూ పౌనఃపున్యం, పల్సు బలం పట్టికలు వేసి అందరికీ అందుబాటులో పెడుతుంది. నీ పల్సార్ పేజీలో కొత్త చుక్కలు వచ్చినాయా, పౌనఃపున్యం పైకి పోతోందా చూడు. మీద పడే వాయువు తారను తోసి తిప్పుతుంది కాబట్టి విజృంభణలో తిరుగుడు వేగం పెరగాల. బ్యాట్‌లో ఎత్తు, జీబీఎంలో పల్సు, పౌనఃపున్యంలో పెరుగుదల, మూడూ ఒకే వారంలో వస్తే ఇక రాసిపెట్టుకో.

సొంతంగా కాలం తీయడం గురించి. ఆస్ట్రోశాట్‌లో నీకు కావాల్సింది లాక్స్‌పీసీ అనే ఎక్స్‌రేలు లెక్కపెట్టే పరికరం. 3 నుంచి 80 కిలో ఎలక్ట్రాన్‌వోల్టులు, 10 మైక్రోసెకన్ల కచ్చితత్వం. మూడు యూనిట్లతో 2015 సెప్టెంబరులో శ్రీహరికోట నుంచి పోయింది. 2018 నుంచి 30వ నంబరు యూనిట్ పనిచేయడం లేదు, 10వ నంబరు యూనిట్ లెక్క నిలకడగా ఉండదు, అందుకని ఆ తర్వాతి డేటాకు 20వ నంబరు యూనిట్ ఒక్కటే తీసుకో. మూడూ కలిపితే సిగ్నల్ పెరుగుతుందని ఆశపడొద్దు, తర్వాత స్పెక్ట్రం (ఏ శక్తి దగ్గర ఎంత వెలుగో చూపే గ్రాఫ్) అసలు కుదరదు.

ఈవెంట్ ఫైలు (ఒక్కో ఫోటాన్ వచ్చిన క్షణాల పట్టిక) నుంచి లైట్ కర్వ్, అంటే కాలంతో వెలుగు మారే గ్రాఫ్, తీసేటప్పుడు బిన్ (ఒక్కో చుక్కకు కాలం ముక్క) ఎంత పెట్టాలనేది ముందు తేల్చుకో. పల్సు కాలంలో పదో వంతుకు మించకూడదు. 103 సెకన్లకు 5 సెకన్ల బిన్ చాలు, ల్యాప్‌టాప్ ఇబ్బంది పడదు. నాసా ఇచ్చే హీసాఫ్ట్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఇఎఫ్‌సెర్చ్ అనే ప్రోగ్రాం ఉంటుంది. ఒక కాలం ఇస్తే దాని చుట్టుపక్కల కాలాలన్నిటితో మడిచి, ఏ కాలానికి కై-స్క్వేర్ (మడిచిన గ్రాఫ్ చదునుగా కాక ఎంత ఎగుడుదిగుడుగా ఉందో చెప్పే అంకె) ఎక్కువొస్తుందో చూపిస్తుంది. దానికి అడుగు ఎంత ఇవ్వాలో చాలామంది గాలికి ఇస్తారు. కాలం వర్గాన్ని మొత్తం పరిశీలన సమయంతో భాగించు, అదే నీ కొలత సన్నదనం. వెయ్యి సెకన్ల డేటాకు అది 10.7 సెకన్లు! అంత తక్కువ డేటాతో 103 అనీ 98 అనీ తేడా తెలియదు. ఒక రోజు పొడవున్న డేటాకు 0.12 సెకను. అందులో నాలుగో వంతు అడుగుగా పెట్టు.

ఇంక శిఖరాలు ఒకటికి మూడు కనబడతాయి, భయపడొద్దు. ఉపగ్రహం భూమి చుట్టూ తిరుగుతుంటే ప్రతి చుట్టులోనూ నీ మూలం కాసేపు భూమి వెనక దాగుతుంది. 96 నిమిషాలకోసారి డేటాలో గుంత పడుతుంది. ఆ గుంతల వల్ల 103.5కు రెండు పక్కలా, 101.7 దగ్గర ఒకటి, 105.4 దగ్గర ఒకటి దొంగ శిఖరాలు లేస్తాయి. ఈ అంకెలు స్విఫ్ట్‌కు, ఆస్ట్రోశాట్ కక్ష్య ఒకటి రెండు నిమిషాలు ఎక్కువ కాబట్టి కొంచెం మారతాయి. మధ్యలో ఉన్నదే అసలుది. అట్లే 51.7 దగ్గర బలమైన శిఖరం వస్తే కాలం సగమైందని సంబరపడొద్దు. ఈ పల్సార్ బాగా వెలిగినప్పుడు ఒక చుట్టుకు రెండు శిఖరాలు వేస్తుంది.

ఆదోని_రాత్రి (కర్నూలు జిల్లా):

గండికోట అన్న చెప్పినదానికి ఒక చేర్పు. బేరీ సెంటర్ దిద్దుబాటు గురించి ఎవరూ చెప్పలేదు. డేటా తీసుకున్న క్షణాలను ఉపగ్రహం దగ్గరి కాలం నుంచి సౌర కుటుంబం బరువు కేంద్రం దగ్గరి కాలానికి మార్చాలి. భూమి సూర్యుడికి ఈ పక్క ఉంటే పల్సు ముందుగా, ఆ పక్క ఉంటే ఆలస్యంగా చేరుతుంది, రెండు పక్కలా 8 నిమిషాల చొప్పున. దీనికి ప్రోగ్రాములు ఉన్నాయి: ఆస్ట్రోశాట్‌కు ఏఎస్1బేరీ; స్విఫ్ట్‌కు, అంతరిక్ష కేంద్రం మీది నైసర్ ఎక్స్‌రే టెలిస్కోప్‌కు బేరీకార్.

గండికోట_వాసి (కడప):

నిజమే, చేయాల. కానీ మొదటి చూపుకు దాన్నే పట్టుకొని కూర్చోవద్దంటాను. భూమి వేగం కాంతి వేగంలో పదివేలో వంతు, కాబట్టి 103.5 సెకన్ల కాలంలో తేడా 0.01 సెకను. ఒక్క రోజు డేటా సన్నదనం 0.12 సెకను అని పైన చూసినాం. అంటే తేడా కనబడనే కనబడదు. రెండు వారాల డేటా కలిపినప్పుడు తప్పనిసరి.

వేగంగా తిరిగేవాటికి మాత్రం వేరే లెక్క. 4యూ 0115+63 తీసుకుంటే కాలం 3.61 సెకన్లు, కక్ష్య 24.3 రోజులు, కక్ష్య సైజు మన చూపు దిక్కున 140 కాంతి సెకన్లు. ఆ తిరుగుడు వల్లనే కాలం 0.0015 సెకను అటూఇటూ ఊగుతుంది. 20,000 సెకన్ల డేటా సన్నదనం 0.00065. దానికి బేరీ సెంటర్ ఒక్కటే చాలదు, జంట కక్ష్య దిద్దుబాటు కూడా చేయకపోతే విజృంభణ మధ్యలో తార తిరుగుడు తగ్గిందని తప్పు రాస్తాం. స్విఫ్ట్ జె0243.6+6124, 2017 అక్టోబరులో దొరికినది, ఇంకా చిక్కు. 9.8 సెకన్ల కాలం, కానీ విజృంభణ పతాక దశలో రోజుకు 0.0017 సెకను చొప్పున కాలం కుదించుకుపోయింది. ఒకే కాలం పెట్టి రెండు మూడు రోజుల డేటా మడిస్తే పల్సు చెదిరిపోయి, అసలు లేనట్టే కనబడుతుంది. అప్పుడు పౌనఃపున్యంతో పాటు అది మారే రేటును కూడా వెతకాల.

అనంతపురం_ఫిజిక్స్:

అన్నా, ఇది చాలా పనికొచ్చింది. చివరి ప్రశ్న. ఒకవేళ రేపు విజృంభణ మొదలైతే వెంటనే ఆస్ట్రోశాట్‌తో చూడమని అడగాలంటే మా గైడుకు ఏ వివరాలు ఇవ్వాల? ఎండాకాలంలో బ్యాట్ ఎర్రర్లు పెద్దవైతున్నాయి, అది ఎందుకు?

ఆదోని_రాత్రి (కర్నూలు జిల్లా):

రెండు ప్రశ్నలకూ మూలం ఒకటే, సూర్యుడు. ఈ పల్సార్ వృషభ రాశిలో, సూర్యుడు నడిచే దారికి మూడు డిగ్రీల పక్కనే ఉంది. జూన్ మధ్యలో సూర్యుడు దాని పక్క నుంచే పోతాడు. స్విఫ్ట్ సూర్యుడికి 46 డిగ్రీల లోపు మొహం తిప్పదు. బ్యాట్ చూపు వెడల్పు కాబట్టి అంచున ఎక్కడో మీ పల్సార్ పడుతుంది, కానీ అంచున పడినప్పుడు డిటెక్టర్లలో కొంత భాగం మీదనే నీడ వస్తుంది, అందుకే మే నుంచి జులై దాకా ఎర్రర్లు పెద్దవి. ఆస్ట్రోశాట్‌కు హద్దు ఇంకా ఎక్కువ, 65 డిగ్రీలు. ఏప్రిల్ రెండో వారం నుంచి ఆగస్టు మూడో వారం దాకా దానితో ఈ పల్సార్‌ను చూడటం కుదరదు. ఆ నెలల్లో విజృంభణ వస్తే అడిగి లాభం లేదు, జీబీఎం పల్సులే దిక్కు. జీబీఎంకు సూర్యుడి నిషేధం లేదు.

మిగతా నెలల్లో అడిగేటప్పుడు గైడుకు ఇవ్వాల్సినవి: బ్యాట్ నాలుగు రోజుల సగటు మిల్లీక్రాబ్‌లలో, జీబీఎం ఇచ్చిన తాజా పౌనఃపున్యం, సూర్యుడి నుంచి కోణం, ఎన్ని వేల సెకన్లు కావాలో. సెకన్లు ఎందుకు కావాలో చెప్పకపోతే అడిగిన సమయం ఇవ్వరు. అయస్కాంత క్షేత్రం కొలవడానికి 45 కిలో ఎలక్ట్రాన్‌వోల్టుల దగ్గరి సైక్లోట్రాన్ గీత (ఆ క్షేత్రం వల్ల స్పెక్ట్రంలో పడే పల్లం) కావాలంటే ఎక్కువసేపు కావాలి, ఎందుకంటే ఆ శక్తి దగ్గర ఫోటాన్లు పలచబడతాయి. ఉత్త పల్సు ఆకారమే కావాలంటే దానిలో చాలా తక్కువ సరిపోతుంది. ప్రకాశం అంచనా కూడా రాయండి. 15 నుంచి 50 కిలో ఎలక్ట్రాన్‌వోల్టుల్లో ఒక క్రాబ్ అంటే చదరపు సెంటీమీటరుకు సెకనుకు 1.4×10⁻⁸ ఎర్గులు. పల్సార్ 2 కిలోపార్సెక్కుల దూరంలో ఉందనుకుంటే 100 మిల్లీక్రాబ్‌లకు సెకనుకు 6.7×10³⁵ ఎర్గులు వస్తుంది. ఆ శక్తి పట్టీకి మాత్రమే ఈ అంకె, మొత్తం ప్రకాశం ఇంతకంటే ఎక్కువ. క్రాబ్‌ను కూడా మారని కొలబద్ద అనుకోవద్దు. 2008 నుంచి రెండేళ్లలో అది సుమారు 7 శాతం తగ్గినట్టు ఫెర్మీ, స్విఫ్ట్ రెండూ చూశాయి.

స్విఫ్ట్‌లోనే ఉన్న చిన్న టెలిస్కోప్ ఎక్స్‌ఆర్‌టీతో అడిగితే మోడ్ సంగతి మరిచిపోకండి. ఫోటాన్ కౌంటింగ్ మోడ్‌లో ఒక్కో ఫ్రేము 2.5 సెకన్లు. పైగా సెకనుకు అర కౌంటు దాటితే చాలు, రెండు ఫోటాన్లు ఒకే ఫ్రేములో పడి ఒక్కటిగా లెక్కకొస్తాయి, స్పెక్ట్రం కఠినంగా మారినట్టు బూటకం చూపిస్తుంది. విండోడ్ టైమింగ్ మోడ్ అడగండి, 1.8 మిల్లీసెకన్లు.

ఇంకొకటి, దీనికి ఉపగ్రహం అక్కర్లేదు. పల్సార్ తోడు నక్షత్రం హెచ్‌డీ 245770 వెలుగు దాదాపు 9వ తరగతి. అనంతపురం అక్షాంశం 14.7 డిగ్రీలు, ఈ నక్షత్రం 26.3 డిగ్రీల ఉత్తరాన ఉంది కాబట్టి డిసెంబరు అర్ధరాత్రి మీ నడినెత్తికి పన్నెండు డిగ్రీల దూరంలోనే నిలబడుతుంది. చీలిక ఉన్న స్పెక్ట్రోగ్రాఫ్ మీ డిపార్టుమెంటులో ఉంటే హైడ్రోజన్ ఆల్ఫా గీతను, 6563 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర, నెలకోసారి తీయండి. ఆ ఉద్గార గీత బలపడుతోందంటే వాయు చక్రం పెరుగుతోందని అర్థం. బ్యాట్ గ్రాఫ్ ఇంకా చప్పగా ఉన్న రోజుల్లోనే ఆ మార్పు కనబడవచ్చు.